ఇంటి పన్ను క్యాలిక్యులేటర్‌కు వివరణ పత్రం రాయడం ఎలా? విశాఖ ఇంటి లెక్కతో సమగ్ర మార్గదర్శి

విశాఖలో ఇంటి పన్ను లెక్కగట్టే ఎక్సెల్ షీట్లకు కొదవ లేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాట్సాప్ గ్రూపుల్లో, కాలనీ సంక్షేమ సంఘాల దగ్గర, ఆడిటర్ల ఆఫీసుల్లో ఎవరి షీటు వాళ్లకుంటుంది. స్థలం ఎన్ని గజాలో, ఇల్లు ఎన్ని అడుగులో కొడితే కింద ఏడాది పన్ను వచ్చేస్తుంది. ఆ అంకె ఎలా వచ్చింది, ఏ రేటు వేశారు, ఆ రేటు ఏ ఏడాదిది అని అడిగితే మాత్రం షీటు చేసినాయన గుర్తు తెచ్చుకుని చెప్పాల్సిందే. ఆయన ఊళ్లో లేకపోతే అదీ లేదు.

ఈ మార్గదర్శి అలాంటి షీటు గానీ, చిన్న వెబ్ పేజీ గానీ తయారుచేసి నలుగురికీ ఇచ్చినవాళ్ల కోసం. ఉన్న క్యాలిక్యులేటర్‌కు వివరణ పత్రం ఎలా రాయాలో ఇందులో చూద్దాం. ఆ పత్రం బాగుందో లేదో తేల్చడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. అంచనాకూ డిమాండ్ నోటీసుకూ (ఎంత పన్ను కట్టాలో చెబుతూ నగరపాలక సంస్థ పంపే కాగితం) తేడా వచ్చినప్పుడు, ఆ తేడా ఏ గడిలో పుట్టిందో ఇంటి యజమాని ఎవరినీ అడగకుండా పట్టుకోగలగాలి. మా ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ ఒకరు ఫోనూ నోటీసూ పక్కపక్కనే పెట్టి, "ఏటి బాబూ, కంప్యూటర్‌లో ఒకటి, కాయితం మీద ఒకటా? ఏది నమ్మాలి?" అని అడిగారు. ఆవిడకు జవాబు చెప్పగలిగేలా పత్రం రాయాలి.

మొదటి మెట్టు: ఈ లెక్క ఎవరి ఇంటికి వర్తిస్తుందో మొదటి పేరాలోనే చెప్పండి

సూత్రాలూ పట్టికలూ తర్వాత. ముందు హద్దులు రాయండి. విశాఖలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మూడు రకాల గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది, వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధి వేరు, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పరిధి వేరు. లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ అనుమతి ఉంది కాబట్టి తమ ఇల్లు నగరపాలక సంస్థ కిందికే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆనందపురం వైపు పంచాయతీల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు పన్ను కట్టేది పంచాయతీకి. వాళ్లు మీ షీటులో అంకెలు కొడితే వచ్చేది కాకిలెక్కే. "మీ పన్ను రశీదు మీద ఎవరి పేరుంది? జీవీఎంసీ అని ఉంటేనే ముందుకు వెళ్లండి" అని ఒక్క వాక్యం పైన రాస్తే చాలు. భీమిలి, అనకాపల్లి, గాజువాక ఒకప్పుడు వేరే మున్సిపాలిటీలైనా ఇప్పుడు జీవీఎంసీలోనివే కాబట్టి, ఆ పేర్లను పత్రంలో విడిగా చెప్పండి. అక్కడివాళ్లకు ఆ సందేహం రావడం సహజం.

రెండోది, హైదరాబాద్ సూత్రం. తెలుగులో ఇంటి పన్ను లెక్క అని వెతికితే జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పద్ధతే ముందు కనిపిస్తుంది. అది అద్దె విలువ మీద నడిచే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లోనూ మునుపు అదే ఉండేది. 2020లో మున్సిపల్ చట్టాలను సవరించి, ఆ ఏడాది నవంబరులో 198 నంబరు జీవో ఇచ్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం రెండూ కలిపిన విలువ) మీద పన్ను వేసే పద్ధతికి మార్చారు. మీ షీటు ఏ పద్ధతిదో పత్రంలో రాయకపోతే, పాత పద్ధతి తెలిసిన వ్యక్తి "నెల అద్దె గడి ఏదీ?" అని వెతుక్కుంటారు. దొరక్క ఏదో ఒక గడిలో అద్దె కొట్టేస్తారు.

మూడోది, ఇల్లూ ఖాళీ స్థలమూ ఒకటే అనుకోవడం. ఖాళీ ప్లాటుకు పడేది ఖాళీ స్థలం పన్ను, దాని లెక్క వేరు. ఇళ్లకు మాత్రమే చేసిన షీటైతే ఆ మాట స్పష్టంగా రాయండి.

రెండో మెట్టు: "అంచనా" అన్న మాటను ఎక్కడ పెట్టాలి

అందరూ చివర్లో చిన్న అక్షరాలతో పెడతారు. ఫలితం వచ్చే గడి పక్కనే ఉండాలి. "ఏడాది పన్ను" అని కాకుండా "ఏడాది పన్ను అంచనా" అని రాయండి. కట్టాల్సిన మొత్తాన్ని తేల్చేది అసెస్‌మెంట్ రిజిస్టరు (ఒక్కో ఇంటి పన్ను వివరాలు నమోదయ్యే అధికారిక రికార్డు), దాన్నిబట్టి వచ్చే డిమాండ్. పత్రంలోనూ, షీటులోనూ, స్క్రీన్‌షాట్ తీస్తే అందులోనూ ఆ మాట కనబడాలి. వాట్సాప్‌లో తిరిగేది ఆ స్క్రీన్‌షాటే మరి.

మూడో మెట్టు: ఒక్కో గడికీ నాలుగు ముక్కలు

తొందరపడకూడని చోటు ఇది. వాడేవాళ్లు నింపాల్సిన ప్రతి గడికీ నాలుగు విషయాలు రాయాలి. ఏం నింపాలి, ఏ కొలతలో నింపాలి, ఏ కాగితంలో దొరుకుతుంది, ఎక్కడ పొరపాటు పడతారు.

స్థలం గడినే తీసుకోండి. విశాఖలో మాట్లాడుకునేది గజాల్లో. కొన్ని ప్లానుల్లో చదరపు మీటర్లుంటాయి. శివారు ఊళ్ల పాత దస్తావేజుల్లో సెంట్లుంటాయి. పత్రంలో ఈ మూడు మార్పిళ్లూ ఇచ్చేయండి. ఒక చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. ఒక చదరపు మీటరు అంటే 1.196 చదరపు గజాలు, లేదా 10.764 చదరపు అడుగులు. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. మూడు సెంట్ల స్థలం 145.2 గజాలవుతుంది. చాలామంది దాన్ని నోటిలెక్కలో నూట యాభై అనేస్తారు. గజం విలువ వేలల్లో ఉండే చోట ఆ 4.8 గజాల తేడాయే విలువను లక్ష దాకా మార్చేయొచ్చు. అందుకని "దస్తావేజులో ఉన్న అంకెనే వేయండి, గుండుగుత్తగా వేయొద్దు" అని రాయాలి.

ఫ్లాటైతే సంగతి ఇంకో రకం. ఫ్లాటు యజమానికి విడిగా స్థలం ఉండదు, అవిభాజ్య వాటా (అపార్ట్‌మెంట్ మొత్తం స్థలంలో విడదీయని భాగం) ఉంటుంది. అమ్మకం దస్తావేజు చివర షెడ్యూలులో ఇన్ని గజాల వాటా అని ఉంటుంది. మీ క్యాలిక్యులేటర్ ఆ వాటా అడుగుతోందా, లేక రిజిస్ట్రేషన్ శాఖ అపార్ట్‌మెంట్లకు విడిగా ఇచ్చే చదరపు అడుగు రేటుతో లెక్కేస్తోందా? రెండో పద్ధతైతే స్థలం వాటా మళ్లీ కలపకూడదు. కలిపితే స్థలాన్ని రెండుసార్లు లెక్కగట్టినట్టే. పత్రంలో ఈ వాక్యాన్ని బొద్దుగా రాయండి.

విస్తీర్ణం గడి దగ్గర, బిల్డరు బ్రోచర్‌లో రాసిన అంకె వేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. బ్రోచర్‌లో మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్నీ కలిసిన సూపర్ బిల్టప్ ఏరియా ఉంటుంది. మీ షీటు ప్లింత్ ఏరియా (గోడలతో సహా ఇంటి విస్తీర్ణం) అడుగుతుంటే, "మంజూరైన ప్లానులో లేదా పన్ను నోటీసులో ఉన్న ప్లింత్ ఏరియా వేయండి" అని కాగితం పేరుతో సహా చెప్పాలి. పైపైన చెప్పి వదిలేస్తే చేతిలో ఉన్న బ్రోచర్ అంకే వేస్తారు.

ఇంటి వయసు గడిలో నిర్మాణం పూర్తయిన సంవత్సరం అడగండి, వయసు అడగొద్దు. ఈ ఏడాది పన్నెండేళ్లని కొట్టినవాళ్లు, వచ్చే ఏడాది అదే షీటు తెరిస్తే అక్కడ పన్నెండే ఉంటుంది. సంవత్సరం రాస్తే షీటే వయసు కట్టుకుంటుంది. అది కొన్న సంవత్సరం కాదని కూడా రాయండి. సెకండ్ హ్యాండ్ ఫ్లాటు కొన్నవాళ్లు తమ దస్తావేజు తేదీ వేసేస్తుంటారు.

డోర్ నంబరు గడి గురించి ఒక ముక్క. లెక్కకు దాంతో పని లేదు గానీ, ఒకే షీటులో పాతిక ఇళ్ల వరసలు పెట్టే అసోసియేషన్లు దాన్ని ఉంచుకుంటాయి. విశాఖ డోర్ నంబర్లు గీతలతో ఉంటాయి కదా. తేదీ పద్ధతి మన దేశానికి పెట్టి ఉన్న కంప్యూటర్‌లో 9-11-5 అని కొట్టి చూడండి. ఎక్సెల్ దాన్ని 2005 నవంబరు 9 అనుకుని తేదీగా మార్చేస్తుంది. పక్క ఇంటి 9-14-5 మాత్రం అలాగే ఉంటుంది, పద్నాలుగో నెల లేదు కాబట్టి. వీధిలో సగం ఇళ్ల నంబర్లు నిలిచి, సగం తేదీలైపోతే వరసలు కలవవు, ఒకరి పన్ను ఒకరి పేరు మీద కనిపిస్తుంది. ఆ నిలువు వరసను ముందే టెక్స్ట్‌గా మార్చమని పత్రంలో రాయండి. అసెస్‌మెంట్ నంబరుకూ (పన్ను రికార్డులో ఇంటికి ఇచ్చే నంబరు) అదే చేయండి.

వాడుక గడిలో నివాసమా, నివాసేతరమా అన్నది ఉంటుంది. కింద షట్టరు తీసి కిరాణా కొట్టు పెట్టి పైన కాపురముండే ఇళ్లు గాజువాకలోనూ, పాతనగరంలోనూ వీధికి నాలుగుంటాయి. అలాంటి ఇంటికి ఒకే వరస చాలదు, రెండు వరసలు నింపాలని చెప్పండి. ఎలాగో లెక్క దగ్గర చూద్దాం.

నాలుగో మెట్టు: సూత్రాన్ని మాటల్లో రాసి, ఒక ఇంటిని మొదటి నుంచి చివరిదాకా లెక్కగట్టి చూపండి

ఫార్ములా బార్‌లో ఉన్నదాన్ని కాపీ చేసి పత్రంలో అతికించడం వివరణ అనిపించుకోదు. మాటల్లో ఇలా రాయొచ్చు: స్థలం విలువకు కట్టడం విలువ కలపాలి. కట్టడం విలువలో వయసునుబట్టి తరుగుదల ముందే తీసేయాలి. వచ్చిన మూలధన విలువను పన్ను రేటుతో గుణించాలి.

ఇప్పుడు ఒక మచ్చు ఇల్లు. కింద వాడిన విలువలు, తరుగుదల, పన్ను రేట్లు లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవే. మీ పత్రంలోనూ మచ్చు రేట్లు వాడితే ఆ మాట అదే వాక్యంలో చెప్పండి, లేకపోతే వాటినే అసలు రేట్లనుకుంటారు.

స్థలం 150 గజాలు, గజం విలువ 20,000 రూపాయలు. స్థలం విలువ 30,00,000. ఇల్లు 1,200 చదరపు అడుగులు, అడుగుకు 1,200 రూపాయలు. కట్టడం విలువ 14,40,000. తరుగుదల 10 శాతం తీసేస్తే 12,96,000. రెండూ కలిపితే మూలధన విలువ 42,96,000. దీనిమీద 0.15 శాతం రేటు వేస్తే ఏడాది పన్ను 6,444 రూపాయలు.

ఈ లెక్కలో ఒక విషయం చూడండి. తరుగుదల కట్టడానికే, స్థలానికి లేదు. ఆ 10 శాతాన్ని మొత్తం విలువ మీద తీసేస్తే 39,96,000 మీద 5,994 రూపాయలే వస్తుంది. తేడా 450. సూత్రంలో ఒక బ్రాకెట్ పక్కకు జరిగితే అంత తేడా వస్తుంది కాబట్టే మధ్య అంకెలన్నీ పత్రంలో ఉండాలి. చివరి 6,444 ఒక్కటే ఇస్తే ఎక్కడ తప్పిందో పట్టుకోలేం.

ఇప్పుడు అదే ఇంట్లో కింద 200 అడుగుల్లో కొట్టు ఉందనుకుందాం. అది విస్తీర్ణంలో ఆరో వంతు. స్థలం విలువను కూడా అదే నిష్పత్తిలో పంచితే కొట్టు వాటా 7,16,000, ఇంటి వాటా 35,80,000. కొట్టుకు మచ్చు రేటు 0.30 శాతం వేస్తే 2,148, ఇంటికి 0.15 శాతంతో 5,370. మొత్తం 7,518. అంతా నివాసమే అనుకున్నప్పటికంటే 1,074 ఎక్కువ. స్థలాన్ని విస్తీర్ణం నిష్పత్తిలో పంచడం మీ షీటు చేసుకున్న ఊహ. ఆ ఊహను ఊహగానే రాయాలి.

అసలు రేటు ఎంత ఉండొచ్చో హద్దులు కూడా చెప్పండి. 2020 సవరణ ప్రకారం నివాసాలకు మూలధన విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం దాకా, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా పట్టణ స్థానిక సంస్థ నిర్ణయించుకోవచ్చు. రేటు గడిలో ఎవరైనా 0.15కి బదులు 15 అని కొడితే, లేదా శాతం గుర్తు ఉన్న గడిలో 0.0015 కొడితే, షీటు ఈ హద్దులు చూసి ఎర్రగా చూపించేలా పెట్టండి. చూపిస్తుందని పత్రంలోనూ రాయండి. 375 చదరపు అడుగుల లోపు చిన్న ఇంట్లో సొంతంగా కాపురముంటున్నవాళ్లకు ఏడాదికి 50 రూపాయలేనన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. మీ షీటు దాన్ని పట్టించుకుంటుందా లేదా? పట్టించుకోకపోతే చిన్న ఇంట్లో ఉండే మనిషి లేనిపోని అంకె చూసి బెంగపడతారు.

ఐదో మెట్టు: 15 శాతం పరిమితి, తికమకంతా ఇక్కడే

కొత్త పద్ధతికి మారినప్పుడు పన్ను ఒక్కసారిగా పడకుండా, అప్పటిదాకా కడుతున్న దానిమీద పెంపు 15 శాతం మించకూడదన్న పరిమితి పెట్టారు. అంచనాకూ నోటీసుకూ తేడా వచ్చే ఇళ్లలో చాలావాటికి కారణం ఇదే. షీటు చూపేది కొత్త పద్ధతిలో పూర్తి పన్ను. నోటీసులో ఉండేది పాత పన్ను నుంచి మెట్లెక్కుతూ వస్తున్న పన్ను.

మన మచ్చు ఇంటికి పాత పన్ను ఏడాదికి 3,200 అనుకోండి. ఏటా 15 శాతం చొప్పున పెంచుకుంటూ వెళ్తే మొదటి ఏడాది 3,680. తర్వాత 4,232. ఆ తర్వాత 4,866.80, 5,596.82, 6,436.34. ఆరో ఏడాది 15 శాతం కలిపితే 7,401 దాటుతుంది కానీ, పూర్తి పన్ను 6,444 కాబట్టి అక్కడ ఆగాలి. అంటే ఆ ఏడాది పెంపు ఎనిమిది రూపాయలైనా ఉండదు. షీటు 7,401 చూపిస్తే "రెండింటిలో తక్కువది" అన్న షరతు సూత్రంలో లేదన్నమాట. ఈ ఆరు అంకెల వరసను పత్రంలో ఉన్నదున్నట్టు పెట్టండి. దాన్ని చూసిన యజమాని తన నోటీసు ఏ మెట్టు మీద ఉందో వేలు పెట్టి చూపగలరు.

పరిమితి గడికి రెండు షరతులు రాయాలి. ఒకటి, ఇల్లు ఎప్పటిలాగే ఉందనుకుని ఈ గడి పనిచేస్తుంది. పైన అంతస్తు వేసినా, గది పెంచినా, కాపురముండే భాగాన్ని ఆఫీసుకు ఇచ్చినా ఈ వరస పట్టుకుని కూర్చోకూడదు. రెండు, పెంపు ప్రతి ఏడాదీ పూర్తి 15 శాతమే ఉంటుందనుకోవడం షీటు ఊహ. ప్రభుత్వం ఏ ఏడాదైనా వేరేగా నిర్ణయిస్తే ఆ ఏడాది శాతాన్ని మార్చుకోవడానికి ఒక గడి ఉండాలి, అది ఎక్కడుందో పత్రం చెప్పాలి.

పాత పన్ను గడిలో ఇంకో మెలిక ఉంది. గ్రంథాలయ సెస్సు ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు. రశీదు మీద మొత్తం చూసి కొట్టేవాళ్లు సెస్సుతో కలిపి కొట్టేస్తారు. 3,200 పన్నుకు సెస్సు 256, రశీదు మొత్తం 3,456. ఈ 3,456 మీద 15 శాతం కలిపితే 3,974.40 వస్తుంది. సరిగ్గా 3,200తో మొదలుపెట్టి, 3,680కి పెంచి, దానికి సెస్సు కలిపినా 3,974.40 వస్తుంది. అంకె కలిసింది కదా అని ఊరుకుంటే, సెస్సుతో మొదలుపెట్టిన షీటు దాని మీద ఇంకోసారి 8 శాతం వేసి 4,292.35 చూపిస్తుంది. తేడా దాదాపు 318 రూపాయలు. అందుకే ఆ గడి పేరే "పాత ఆస్తి పన్ను, సెస్సు కలపకుండా" అని మార్చేయండి. పత్రంలో ఎంత రాసినా గడి పేరు చదివినంతమంది పత్రం చదవరు.

ఆరో మెట్టు: గడువులు, రాయితీ, వడ్డీ

పన్నును రెండు అర్ధ సంవత్సరాలుగా లెక్కిస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. మొదటిదానికి జూన్ 30, రెండోదానికి డిసెంబరు 31 గడువు. దాటితే నెలకు 2 శాతం సాధారణ వడ్డీ. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోగా ఒకేసారి కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంటుంది. ఇది నడుస్తున్న ఏడాది పన్నుకే, పాత బకాయికి కాదు.

మచ్చు ఇంటి మొదటి ఏడాది పన్ను 3,680తో, సెస్సు పక్కన పెట్టి చూద్దాం. ఏప్రిల్‌లో మొత్తం కడితే 184 రూపాయలు మిగులుతాయి. అలా కాక మొదటి అర్ధభాగం 1,840ని నవంబరు దాకా వదిలేస్తే జులై నుంచి ఐదు నెలలకు నెలకు 36.80 చొప్పున వడ్డీ, అదీ 184. ఏప్రిల్‌లో కట్టిన మనిషికీ నవంబరులో కట్టిన మనిషికీ మధ్య 368 రూపాయల తేడా. పత్రంలో ఇలాంటి ఉదాహరణ ఒకటి ఉంటే, గడువుల పట్టిక ఎంత పెద్దగా పెట్టినా ఎక్కని విషయం ఇట్టే ఎక్కుతుంది.

నెల మధ్యలో కడితే ఆ నెలను పూర్తి నెలగా లెక్కిస్తున్నారా లేదా అన్నది షీటులో ఏదో ఒక రకంగా ఉంటుంది. ఏ రకమో రాయండి. వడ్డీ అసలు మీదే తప్ప వడ్డీ మీద వడ్డీ లేదన్నదీ రాయండి. చక్రవడ్డీ సూత్రం పెట్టిన షీట్లు రెండు మూడేళ్ల బకాయి ఉన్న ఇంటికి లేని భయం పుట్టిస్తాయి.

ఏడో మెట్టు: లెక్కలోకి రానివి

వీటిని దాచకుండా ఒకచోట పెట్టండి. ప్లానుకు భిన్నంగా కట్టిన ఇళ్లకు పన్నుతో పాటు అపరాధ రుసుం పడుతుంది. అది తప్పు తీవ్రతనుబట్టి పన్నులో 25 శాతం నుంచి 100 శాతం దాకా వెళ్తుంది. పూర్తిగా అనుమతి లేని ఇంటికి పన్నుతో పాటు పన్నంత రుసుం కూడా పడితే నోటీసు అంచనాకు రెట్టింపు ఉంటుంది. అప్పుడు తప్పు షీటుది కాదు. నీటి చార్జీల బిల్లు వేరు. ఇంటి చుట్టూ పెద్ద ఆవరణ ఉంటే అందులో కొంత భాగం ఖాళీ స్థలం లెక్కలోకి వెళ్లొచ్చు. మాజీ సైనికులకు ఇచ్చేలాంటి మినహాయింపులు దరఖాస్తు పెట్టుకుని పొందేవి, షీటు వాటిని ఇవ్వలేదు. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో ఈ వాక్యం చాలా ఇళ్లకు అవసరం పడుతుంది.

ఎనిమిదో మెట్టు: పైసల సంగతి

చిన్న విషయమే. 4,866.80ని రెండు అర్ధభాగాలు చేస్తే 2,433.40. రూపాయలకు సవరించడం అర్ధభాగం దగ్గరా, ఏడాది మొత్తం దగ్గరా, సెస్సు కలిపాకా? ఏదైనా సరే, ఒక్క వాక్యంలో చెప్పి, "రెండు మూడు రూపాయల తేడా సవరణ వల్ల రావచ్చు" అని రాయండి. లక్షల కామాలు మన పద్ధతిలోనే పెట్టండి. 42,96,000 బదులు 4,296,000 అని కనిపిస్తే పెద్దవాళ్లు నాలుగు కోట్లా, నలభై లక్షలా అని తడబడతారు.

తొమ్మిదో మెట్టు: రేట్ల పట్టికకు తేదీ వేయండి

ఎంత మంచి వివరణ పత్రమైనా పనికిరాకుండా పోయేది ఇక్కడే. మార్కెట్ విలువలు రిజిస్ట్రేషన్ శాఖవి, అవి మారుతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించిన విలువలు అమల్లోకి వచ్చాయి. మీ షీటులో గజం విలువ అంతకుముందుదా, తర్వాతదా? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈ రోజు కనిపించే విలువ, మీ ఇంటి పన్ను లెక్కలో వాడిన విలువ ఒకటే అయి తీరాలని కూడా లేదు. కాబట్టి పట్టికలో ప్రతి అంకె పక్కనా మూడు నిలువు వరసలు ఉండాలి: ఎక్కడినుంచి తీసుకున్నారు, ఏ తేదీన చూశారు, ఏ తేదీ నుంచి అమల్లో ఉంది.

పన్ను రేటుకు పత్రికల్లో చూసిన అంకె వేయకండి, జీవీఎంసీ తీర్మానంలోనో నోటిఫికేషన్‌లోనో ఉన్నది చూసి వేయండి. తరుగుదల పట్టికకూ అంతే, నిబంధనల కాగితం తెరిచి వేయండి. జీవో నంబరు, తేదీ కూడా అక్కడే రాసి ఉంచితే, రేపు ఎవరైనా సరిచూడాలంటే వెతుక్కోనక్కర్లేదు. వీధుల వారీ విలువలు పెట్టినప్పుడు కాలనీ పేరుతో సరిపెట్టొద్దు. ఎంవీపీ కాలనీలో మెయిన్ రోడ్డు మీది స్థలానికీ లోపలి సెక్టారు వీధికీ ఒకే విలువ ఉంటుందనుకోకూడదు. డోర్ నంబరు బ్లాకును బట్టి విలువ చూసి రాయాలి.

మార్పుల చిట్టా ఒకటి చివర పెట్టండి. తేదీ, ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరికి తేడా పడుతుంది. "సూత్రం సరిచేశాం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "కొట్టు ఉన్న ఇళ్లకు స్థలం వాటా ఇప్పుడు విస్తీర్ణం నిష్పత్తిలో పంచుతున్నాం, ఉత్త నివాసాలకు మార్పు లేదు" అంటే తెలుస్తుంది.

పదో మెట్టు: అసలు నోటీసులతో సరిచూడండి

మచ్చు ఇంటి లెక్క సూత్రాన్ని పరీక్షిస్తుంది, రేట్లను కాదు. వాటికి నిజమైన నోటీసులు కావాలి. ఒక ఫ్లాటు, ఒక విడి ఇల్లు, ఒక కొట్టున్న ఇల్లు, ఒక పాత పెంకుటిల్లు, ఇలా వేరువేరు రకాలు ఎంచుకోండి. ఒకే అపార్ట్‌మెంట్‌లో పది ఫ్లాట్లు చూసినా అది ఒక్క ఇల్లు చూసినట్టే. యజమానిని అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోండి. పత్రంలో పెట్టేటప్పుడు పేరు, డోర్ నంబరు, ఫోన్ నంబరు, అసెస్‌మెంట్ నంబరు తీసేయండి. అసెస్‌మెంట్ నంబరు ఒక్కటున్నా ఆన్‌లైన్‌లో కొట్టి ఇంటి వివరాలు, బకాయిలు చూడొచ్చు. ఫొటో మీద నల్లగీత గీసి వదిలేయడం కంటే, అంకెలను పట్టికగా మళ్లీ కొట్టుకోవడం మేలు.

అంచనా, నోటీసు, తేడా, కారణం. ఈ నాలుగు వరసల పట్టికను పత్రంలో పెట్టండి. కారణం దొరకని ఇల్లు ఒకటుంటే దాన్ని తీసేయకండి, "కారణం ఇంకా తేలలేదు" అని రాసి ఉంచండి. అలాంటి ఇల్లే ఉన్న ఇంకొకరు అది చదివి, మీకు తట్టని కారణం చెప్పొచ్చు.

పదకొండో మెట్టు: తేడా వస్తే ఏ వరసలో వెతకాలి

పత్రంలో అందరూ తిప్పి తిప్పి చదివే పేజీ ఇదే, కాబట్టి దీన్ని ముందుకు జరిపినా తప్పులేదు. వరస ఇలా పెట్టండి. మొదట, నోటీసు అంకె ఏడాదిదా, అర్ధ సంవత్సరానిదా చూడాలి. సరిగ్గా సగం ఉంటే వెతుకులాట అక్కడితో ఆపేయొచ్చు. తర్వాత బకాయి, వడ్డీ కలిసి ఉన్నాయేమో చూసి విడదీయాలి. ఆపైన సెస్సు రెండు వైపులా కలిసిందా, రెండు వైపులా లేదా చూడాలి. అప్పుడు 15 శాతం వరసలో నోటీసు ఏ మెట్టు మీద ఉందో పోల్చాలి. ఇవన్నీ కలిసినా తేడా మిగిలితే నోటీసులో ఉన్న విస్తీర్ణం, అంతస్తులు, వాడుక, నిర్మాణ సంవత్సరం మీరు నింపినవాటితో ఒక్కొక్కటిగా పోల్చాలి.

చివరి పోలికలో తేడా దొరికితే అది షీటు దాటిన విషయం. 900 అడుగుల ఇల్లు రికార్డులో 1,090గా ఉంటే సరిచేయాల్సింది రికార్డును. దానికి మీ వార్డు సచివాలయంలో పరిపాలన కార్యదర్శిని గానీ, జోనల్ కార్యాలయంలో రెవెన్యూ విభాగాన్ని గానీ కలవాలి. తీసుకెళ్లాల్సిన కాగితాలు పత్రంలోనే రాయండి: దస్తావేజు నకలు, మంజూరైన ప్లాను, తాజా రశీదు, నోటీసు. కొత్తగా పన్ను విధిస్తూ నోటీసు వస్తే, అభ్యంతరం చెప్పడానికి అందులోనే గడువు ఉంటుంది. షీటు ప్రింటు తీసి "మా క్యాలిక్యులేటర్ ఇంత చూపిస్తోంది" అంటే అక్కడ పని జరగదు. ఏ కొలత తప్పుందో చూపే కాగితమే పనిచేస్తుంది. గడువు దాటేలోగా కట్టేసి, సవరణ కోసం దరఖాస్తు పెట్టుకుంటే ఈలోగా వడ్డీ పెరగదన్నది నా సలహా.

పన్నెండో మెట్టు: చదివించి చూడండి, తర్వాత బాధ్యత అప్పగించండి

పత్రం పూర్తయ్యాక షీటు గురించి ఏమీ తెలియని ఒకరికి ఇవ్వండి. పక్కన కూర్చోండి గానీ నోరు విప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఏ గడి దగ్గర మీ వైపు చూశారో రాసుకోండి. ఆ చోటల్లా పత్రంలో వాక్యం మారాలి. కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్‌లో చదివే పెద్దవాళ్లతోనే ఈ పరీక్ష చేయండి, ఎందుకంటే పన్ను కాగితాలు ఇంట్లో చాలాసార్లు వాళ్ల చేతిలోనే ఉంటాయి.

పత్రం మీద బాధ్యుల పేరుకంటే పదవి రాయడం మంచిది. అసోసియేషన్ కార్యదర్శి, కోశాధికారి అని. మనుషులు ఇల్లు మారతారు. రేట్ల పట్టికను ఏటా మార్చి నెలలోనే సరిచూసి, కొత్త తేదీ వేసి, ఏప్రిల్ మొదటి వారంలో గ్రూపులో పెట్టాలని నిబంధనగా రాసుకోండి. 5 శాతం రాయితీ ఏప్రిల్ 30తో అయిపోతుంది కాబట్టి, మే నెలలో సరిచేసిన షీటు ఆ ఏడాదికి ఎవరికీ పెద్దగా అక్కరకు రాదు. పాత ఏడాది పత్రాన్ని చెరిపేయకుండా విడిగా ఉంచండి. బకాయి ఉన్న ఇంటి లెక్క తీసేటప్పుడు ఆ ఏడాది రేట్లే కావాలి.